చ వత్తు

జిల్లా కోర్టు గోడ పక్కన నా బల్ల.
ఇరవై ఆరేళ్లుగా ఈ ఊరి తగాదాలు
నా మిషను మీదుగానే లోపలికెళ్తున్నాయి.
సముద్రం గాలికి మీటలు తుప్పుపట్టాయి,
చ వత్తు మరీ మొండిది,
కొడితే లేవదు, వేలితో లాగాలి.

భీమిలి నుంచి ఎర్నమ్మ వచ్చింది.
గోనెసంచిలో బాకా,
మూతి దగ్గర చిన్న చొట్ట.
"ఇది సాచ్చికం అవుద్దా బాబూ?"
అవ్వదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

సన్నిబాబు బ్యాండులో బాకా ఊదేవాడు.
మధురవాడలో, కల్యాణ మండపం ముందు,
పెళ్లికొడుకు గుర్రం దిగుతుంటే
మేనమామ గారికి ఆనందం ఆగలేదు.
తుపాకీకి లైసెన్సుంది.
తాగిన మణికట్టుకు ఎవరూ ఇవ్వలేదు.
ఆకాశంలోకే కాల్చాడట.
ఆ రాత్రి ఆకాశం
బాకా ఊదేవాడి మెడంత ఎత్తులోనే ఉంది.
డప్పులు మరో రెండు వరసలు వాయించాయి,
వాళ్లకది టపాసుల్లో టపాసు.

స్టేషను కాగితం నా ముందు పెట్టారు లాయరు సునంద గారు.
'సంతోష సమయమున తుపాకీ పేలినది.'
పేలినది.
పెనంలో ఆవగింజ పేలినట్టు,
ఎండకు పత్తికాయ పేలినట్టు,
దానంతటదే, ఎవరి చెయ్యీ లేకుండా.

"పేల్చాడు అని కొట్టండి," అన్నారావిడ.
కొట్టాను.
ల కింద చ వత్తు పడింది, లేవలేదు.
వేలితో లాగాను.
ఒక మనిషి వాక్యంలోకి వచ్చి నిలబడ్డాడు.

ఖూనీ కేసు దాని దారిన అది నడుస్తుంది.
ఇది వేరే కాగితం, కమిషనరు గారికి అర్జీ.
లైసెన్సు ఇచ్చాక మళ్లీ ఎప్పుడైనా
ఆ ఇంటి తలుపు తట్టారా?
ముహూర్తం ఉన్న ఇంటి తుపాకీ
ముందురోజే స్టేషనులో అప్పజెప్పాలి కదా?
మండపం ఓనరుకు బాధ్యత లేదా,
చెప్పులు బయట విడవమనే బోర్డు పెట్టినవాడికి?

"పరిహారం ఎంత వెయ్యమంటావమ్మా?"
"డబ్బుల కాయితం ఏరేగా ఎయ్యండి.
దీన్ల తుపాకీల మాటే ఉండాల."

మూడు నెలలు బదులు లేదు.
అర్జీ దావాగా మారి, హైకోర్టు కోసం
రాత్రి రైల్లో విజయవాడ వెళ్లింది.
చోడవరం నుంచి ఒక తల్లి పేరు చేరింది,
మిద్దె మీద గాలిపటం ఎగరేస్తున్న పిల్లాడి తల్లి.
ఆ తర్వాత ఒక బ్యాంకు గార్డు కూతురు.
ఆమె ఏం చెప్పిందో నేను టైపు చేశాను,
ఇక్కడ రాయలేను.

అటువైపు లాయరు లేచి
"చట్టం ఇప్పటికే ఉంది కదా," అన్నాడట.
"ఉంది," అన్నారట సునంద గారు,
"వానలో తడిసేవాడికి అటక మీద గొడుగులా."
జడ్జి గారు నవ్వలేదట. రాసుకున్నారట.
ఆ తర్వాత వాయిదా.

మొన్న మధ్యాహ్నం నా బల్ల చుట్టూ
పదకొండు ఎర్రకోట్లు, జరీ ఊడిన భుజాలు.
సన్నిబాబు బ్యాండు వాళ్లు.
బుకింగు చీటీలో ఒక లైను కలపాలట.
'ఊరేగింపులో తుపాకీ కనబడినచో బాజా ఆగును.
అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు.'
"ఇలాగైతే మిమ్మల్నెవరు పిలుస్తారయ్యా?"
డప్పు కొట్టే కుర్రాడు కోటు బొత్తాం తిప్పుతూ
"పిలవకపోతే బతికుంటాం గదండీ," అన్నాడు.
డబ్బులు తీసుకోలేదు నేను.
మూడో కార్బను కాపీ సొరుగులో దాచుకున్నాను,
అక్షరాలు మసకే, అయినా చదవొచ్చు.

ఇప్పుడు ఆషాఢం. మండపాలకు తాళాలు.
వాయిదా శ్రావణ బహుళంలో పడింది.
శ్రావణంలో మొదటి ముహూర్తం
దానికన్నా పద్దెనిమిది రోజులు ముందుంది.
ఎర్నమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి చూసి
ఏమీ అనకుండా సంచి సర్దుకుంది.

నేను మీటకు నూనె వేసి ఉంచాను.